పొలమారని నూనె



ఎవరి స్మృతిలో ఇక్కడ కూడామో ఆయన పేరు మీ చేతిలోని ఆహ్వానపత్రం మీద ఉంది. నేను మాత్రం ఈ గంటసేపూ మాస్టారనే అంటాను. బతికున్నన్నాళ్ళూ అలాగే పిలిచాను. ఇప్పుడు ఇంటిపేరుతో సహా పిలిస్తే ఎవరో పరాయి మనిషి గురించి మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

వార్డులో మాస్టారికి ఒక అలవాటుండేది. కొత్త రోగి దగ్గరికి రాగానే మేము ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకెత్తి చూపించబోయేవాళ్ళం. ఆయన దాన్ని చూసేవారు కాదు. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వంగి, మంచం కింద ఉన్న చేతిసంచి బయటికి లాగేవారు. 'చూడొచ్చా అమ్మా' అని అడిగి, అందులో ఉన్నవి ఒక్కొక్కటే తీసి దుప్పటి మీద వరసగా పెట్టేవారు. అమృతాంజనం, పొట్లం కట్టిన బూడిద, చుట్టలు, ఆముదం సీసా, ఎవరో ఇచ్చిన పసరు. 'మనం అడిగితే చెప్పేవి కేసుషీటులో ఉంటాయి. అడగనివన్నీ ఇక్కడుంటాయి' అనేవారు. అప్పట్లో మాకు నవ్వొచ్చేది. ఆ నవ్వుకు నేను తర్వాత ఎంత మూల్యం చెల్లించానో ఈ ఉపన్యాసంలో చెబుతాను.

ఇవాళ నా విషయం ఒక అరుదైన ఊపిరితిత్తుల జబ్బు. పేరు లిపాయిడ్ న్యుమోనియా. నూనె, కొవ్వు, వాటి జాతి పదార్థాలు ఊపిరితిత్తుల్లో చేరడం వల్ల వస్తుంది. చంటిపిల్లలకు ఊపిరితిత్తులు పట్టేస్తే మన ఇళ్ళలో 'నెమ్ము చేసింది' అంటారు కదా, ఆ లెక్కన దీన్ని నూనె నెమ్ము అనుకోవచ్చు.

ముందు మనందరికీ తెలిసిన ఒక మాట. అన్నం తింటూ కబుర్లు చెబుతుంటే ఒక మెతుకు అడ్డదారి పడుతుంది. దగ్గుతెర ముంచుకొస్తుంది, కళ్ళ నీళ్ళు తిరుగుతాయి. పక్కనున్నవాళ్ళు నడినెత్తి మీద తడుతూ 'ఎవరో తలుచుకుంటున్నారు' అంటారు. అదే పొలమారడం. గొంతులో అన్నం దారి, గాలి దారి పక్కపక్కనే ఉంటాయి. గాలి దారి గుమ్మంలో ఉన్న కాపలా మహా చురుకైనది. నీటిబొట్టు తగిలినా ఊరుకోదు, దగ్గించి బయటికి నెట్టేస్తుంది. పొలమారిందంటే కాపలా మెలకువగా ఉందన్నమాట. దానికి కంగారు పడనక్కర్లేదు, సంతోషించాలి.

నూనె గుణం వేరు. మెత్తగా జారుతుంది, గుచ్చుకోదు, మండదు. ముఖ్యంగా పెట్రోలియం నుంచి తీసి శుద్ధి చేసిన పారాఫిన్ నూనెకు రుచీ వాసనా ఉండవు. అది గుమ్మం దాటి లోపలికి పోతున్నా కాపలాకు తెలియదు. దగ్గు రాదు, పొలమారదు. శ్వాసనాళాల గోడల నిండా సన్నటి కేశాల వంటివి ఉండి, దుమ్మునూ కఫాన్నీ పైకి ఊడ్చి పారేస్తుంటాయి. నూనె పడితే ఆ చీపుళ్ళూ సరిగా పనిచేయవు. ఇక నూనె మెల్లగా జారి, ఊపిరితిత్తి అడుగు భాగానికి చేరి కూర్చుంటుంది.

అక్కడ దాన్ని పట్టుకునేది మాక్రోఫేజ్ అనే కణం. లోపలికి వచ్చిన చెత్తనల్లా మింగి అరిగించుకోవడం దాని ఉద్యోగం. పారాఫిన్ నూనెను మింగగలదు గానీ అరిగించుకోలేదు, దాన్ని విరగ్గొట్టే ఎంజైము మన ఒంట్లో లేదు. మింగి మింగి ఉబ్బి చచ్చిపోతుంది. దానిలోని నూనె మళ్ళీ బయటపడుతుంది, మరో కణం వచ్చి మింగుతుంది. ఇలా నెలలు, ఏళ్ళు గడిచేసరికి చుట్టూ మచ్చ కడుతుంది. ఒక్కోసారి ఆ మచ్చ గడ్డలా తయారై, స్కానులో చూసినవాళ్ళకు కేన్సరని అనిపిస్తుంది.

నూనెలన్నీ ఒకలాంటివి కావు. నువ్వులనూనె, కొబ్బరినూనె, ఆముదం వంటి మొక్కల నూనెలు మొత్తం మీద తక్కువ రెచ్చగొడతాయి, కొంతభాగం కఫంతో బయటికీ వస్తాయి. అంతమాత్రాన అవి నిరపాయమని కాదు. నెయ్యి, చేపనూనె వంటి జంతువుల కొవ్వులు ఇంకో రకం. ఊపిరితిత్తిలోని ఎంజైములు వాటిని విరగ్గొడతాయి, అప్పుడు పుట్టే కొవ్వు ఆమ్లాలు అక్కడి కణజాలాన్ని కాలుస్తాయి. వంటింట్లో నెయ్యికి ఉన్న మర్యాద ఊపిరితిత్తిలో లేదు. కిరోసిన్, డీజిల్ మరో జాతి. వాటి సంగతి తర్వాత.

ఈ జబ్బును వైద్యశాస్త్రంలో మొదట గట్టిగా నమోదు చేసింది 1925లో, లాఫ్లెన్ అనే పెథాలజిస్టు. ముక్కులో, గొంతులో నూనె మందులు వేయించుకున్నవాళ్ళ ఊపిరితిత్తుల్లో ఆయనకు నూనె కనిపించింది. ఆ రోజుల్లో పాశ్చాత్య దేశాల్లో ముక్కు దిబ్బడకు నూనె చుక్కలు, మలబద్ధకానికి పారాఫిన్ నూనె ఇంటింటి మందులు. కాబట్టి ఇది మన పెద్దవాళ్ళ మూఢాచారం వల్ల పుట్టిన జబ్బు అనుకోకండి. వీధి చివర మందుల షాపు ఉన్న ప్రతి దేశానికీ దీనిలో వాటా ఉంది.

మన వాటా కూడా ఒప్పుకుందాం. 1973లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఎస్. బాలకృష్ణన్ ఒక వ్యాసం రాశారు. విషయం దక్షిణ భారతంలో చంటిబిడ్డలకు, చిన్నపిల్లలకు వచ్చిన లిపాయిడ్ న్యుమోనియా. ఆ వ్యాసం చదివినప్పుడు నాకు మా ఇంటి పెరడు కళ్ళ ముందు మెదిలింది.

పెరట్లో పీట మీద కూర్చుని అమ్మమ్మ కాళ్ళు బారజాపుకుంటుంది. ఆ కాళ్ళ మధ్య పల్లంలో పాపను వెల్లకిలా పడుకోబెడుతుంది. నూనెతో ఒళ్ళంతా మర్దన చేస్తుంది, మాడుకు ఆముదం అద్దుతుంది, వేడినీళ్ళు పోస్తుంది. అక్కడిదాకా ఎంత చల్లని దృశ్యం! ఇక చివర్లో, ముక్కులో రెండు నూనెచుక్కలు. ముక్కులోది కరిగిపోవాలని ఊఫ్ అని ఊదుతుంది. వారానికోసారి కడుపు శుభ్రం కావాలని ఆముదం. ఉగ్గుగిన్నె చూసినవాళ్ళు ఈ సభలో సగం మందైనా ఉంటారు. వెండిదో ఇత్తడిదో, చిలక ముక్కులాంటి కొమ్ముతో అరచేతిలో ఇమిడిపోయే గిన్నె. పాప నోరు తెరవదు. బుగ్గలు నొక్కుతారు, ముక్కు మూస్తారు. పాప గుక్కపట్టి ఏడుస్తుంది. ఆ గుక్క తిప్పుకోవడానికి ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంటుంది చూడండి, సరిగ్గా అప్పుడే గిన్నె కొమ్ము నోట్లో ఉంటుంది. ఆముదం ఎక్కడికి పోతుందో వేరే చెప్పాలా?

'ఆముదం తాగిన మొహం' అని మనకో నుడికారం ఉంది. మొహం అలా అయినవాళ్ళు అదృష్టవంతులు, ఆముదం కడుపులోకే పోయిందని అర్థం. ఊపిరితిత్తిలోకి పోయినవాళ్ళకు మొహంలో ఏమీ తెలియదు. వారం తిరక్కుండా దగ్గు, ఆయాసం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే న్యుమోనియా అంటారు, యాంటీబయాటిక్ ఇస్తారు. కాస్త నెమ్మదించగానే ఇంటికొస్తారు, మళ్ళీ తలంటు, మళ్ళీ నూనెచుక్కలు. మూడోసారి నెమ్ము చేసినప్పుడు అమ్మమ్మ 'పిల్లకు దిష్టి తగిలింది' అంటుంది. ఇది మన ఒక్కరి కథే కాదు. చంటిపిల్లలకు నెయ్యి పట్టే ఆచారం వల్ల ఇదే జబ్బు వచ్చిన సంగతిని 1991లో సౌదీ అరేబియా నుంచి వైద్యులు రాశారు.

ఇదంతా పాతకాలపు పెరడు, మనమున్నది హైదరాబాద్ హైటెక్ సిటీలో, ఇక్కడెందుకు ఈ గోల అని మీకనిపించవచ్చు. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన రోజుల్లో ఈ చుట్టుపక్కల బండరాళ్ళే ఎక్కువ. ఇవాళ కొండాపూర్‌లో, గచ్చిబౌలిలో, నానక్‌రామ్‌గూడలో ముప్ఫై అంతస్తుల మీద కూడా ఆ పెరడు ఉంది. కోడలి పురిటికి ఊరి నుంచి అత్తమ్మ వస్తుంది. ఉగ్గుగిన్నె సూట్‌కేసులో వస్తుంది. కొడుకు దగ్గర ఉండటానికి తాతగారు వస్తారు, ఆయన సీసా ఆయనతో వస్తుంది. కొడుకు పన్నెండు గంటలు ఏసీలో కూర్చుని ముక్కెండిపోయి, రాత్రి పడుకునే ముందు ముక్కుపుటాల్లో పెట్రోలియం జెల్లీ రాసుకుంటాడు. లేదా ఫోనులో ఎవరో చెప్పారని రెండు చుక్కల నెయ్యి వేసుకుంటాడు. ఒకే ఫ్లాటులో మూడు తరాలు, ముగ్గురి దగ్గరా మూడు నూనెలు. ఒక్కదాన్నీ ఎవరూ మందు అనుకోరు.

ఇక నా తప్పు చెప్పాలి.

కొన్నేళ్ళ కిందట, నేను పనిచేస్తున్న ఒక ఆసుపత్రికి ఒక పెద్దాయన వచ్చారు. మూడు నెలల దగ్గు, సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడటం, కాస్త బరువు తగ్గడం. ఎక్స్‌రేలో కుడివైపు అడుగున నీడ. రెండు విడతలు యాంటీబయాటిక్స్ వాడాను, నీడ కదల్లేదు. కఫం పరీక్షలో టీబీ క్రిములను చూసే రంగుకు కొన్ని క్రిములు కనిపించాయి. మన దేశంలో ఇంకేం కావాలి? టీబీ మందులు మొదలుపెట్టాను. రెండు నెలలైనా మార్పు లేదు. టీబీ జన్యు పరీక్ష చేయిస్తే లేదని వచ్చింది. కేన్సరేమోనని పెట్ స్కాన్ తీయిస్తే నీడ వెలిగింది. ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరూ అన్నం తిని ఉండరు.

బయాప్సీకి ముందురోజు మరోసారి కూర్చోబెట్టి అడిగాను. మందులేమైనా వాడుతున్నారా అని అప్పటికి నాలుగుసార్లు అడిగి ఉంటాను. ప్రతిసారీ ఒకటే జవాబు, బీపీ మాత్ర. ఆ రోజు ఎందుకో మాస్టారి సంచి గుర్తొచ్చింది. ఏసీ గదిలో, ఆసుపత్రి గౌనులో ఉన్న మనిషికి మంచం కింద సంచి ఎక్కడుంటుంది? అందుకని ప్రశ్న మార్చాను. 'రాత్రి దీపం ఆర్పే ముందు ఏమేం చేస్తారండీ?' అన్నాను.

'ఏముంది డాక్టరుగారూ, బాత్రూమ్‌కి వెళ్ళొస్తాను, పళ్ళసెట్టు తీసి నీళ్ళలో పెడతాను, విరేచనం సాఫీగా అవడానికి తెల్లటి సిరప్పు రెండు మూతలు పోసుకుంటాను, పడుకుంటాను.'

'కూర్చునా, పడుకునా?'

'సీసా మంచం పక్కనే ఉంటుంది. మళ్ళీ లేవడమెందుకని పడుకునే పోసుకుంటాను. ఆరేడేళ్ళుగా అంతే.'

'మరి మందులేమైనా వాడుతున్నారా అంటే చెప్పలేదేం?'

'అది మందెందుకవుతుందండీ?'

ఆ సిరప్పులో లిక్విడ్ పారాఫిన్ ఉంది. ఏ మందుల షాపులోనైనా చీటీ లేకుండా దొరుకుతుంది. నిద్రమత్తులో గొంతు కాపలా సగం నిద్రపోతుంది, వయసు మీద పడ్డవాళ్ళలో ఇంకా మొద్దుబారుతుంది. 'ఎప్పుడైనా పొలమారిందా?' అని అడిగాను. 'ఒక్కనాడూ లేదండీ' అన్నారు, అదేదో మంచి గుణమైనట్టు.

బ్రాంకోస్కోపీ గొట్టం లోపలికి పంపి, సెలైనుతో ఊపిరితిత్తిని కడిగి ఆ నీళ్ళు తీశాం. సీసాలోకి వచ్చింది పాలగిన్నె కడిగిన నీళ్ళలాంటి ద్రవం. బల్ల మీద కాసేపు ఉంచితే పైన నూనె తెట్టె కట్టింది. రసం చల్లారాక పోపు నూనె పైకి తేలినట్టే. ఆయిల్ రెడ్ ఓ అనే రంగు వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే, మాక్రోఫేజ్ కణాల పొట్టలు దానిమ్మ పండు పగలగొట్టినట్టు ఎర్రటి బొట్లతో నిండి ఉన్నాయి. మొదట్లోనే తీసిన సీటీ స్కానును మళ్ళీ తెరిచి కొలిపించాం. సీటీలో నీళ్ళ కొలత సున్నా, గాలిది మైనస్ 1000. మైనస్ 30 నుంచి మైనస్ 150 మధ్య కొలత వస్తే అక్కడ కొవ్వు ఉన్నట్టు. ఆయన నీడలో సరిగ్గా ఆ కొలతే. ఆ అంకె మొదటి నుంచీ ఆ స్కానులోనే ఉంది. ఎవరూ కొలవలేదు, కొలవమని నేనూ అడగలేదు.

మరి కఫంలో టీబీలా కనిపించిన క్రిములేమిటి? టీబీ కుటుంబంలోనే, మట్టిలో నీళ్ళలో ఉంటూ త్వరగా పెరిగే మైకోబాక్టీరియాలు కొన్ని ఉన్నాయి. ఊపిరితిత్తిలో కొవ్వు చేరితే అక్కడ వాటికి చక్కటి పొలం దొరుకుతుంది. అద్దం మీద చూస్తే టీబీకీ వాటికీ తేడా తెలియదు. టీబీ ఇంతగా ఉన్న దేశంలో ఈ ఉచ్చులో పడటం సులువు. నేను పడ్డాను. ఆ పెద్దాయన రెండు నెలలు అక్కర్లేని మందులు మింగారు.

డాక్టర్లు ఉన్నారు కనుక ఇక్కడే ఇంకో మాట. బయాప్సీ ముక్క తీసి ల్యాబుకు పంపేటప్పుడు నూనె అనుమానం ఉందని చీటీ మీద రాయండి. మామూలు పద్ధతిలో ముక్కను ఆల్కహాలులో, జైలీనులో ముంచుతారు. అవి కొవ్వును కరిగించేస్తాయి. చివరికి అద్దం మీద మిగిలేవి ఖాళీ బుడగలు. దొంగ దొరికే వేళకు మనమే అడుగుజాడలు తుడిచేసినట్టవుతుంది.

సిరప్పు మానిపించాం. వైద్యంలో మొదటిది, ముఖ్యమైనది అదే. కొందరికి స్టెరాయిడ్లు ఇస్తారు, అందరికీ పనిచేస్తాయన్న భరోసా లేదు. మరీ తీవ్రమైతే మత్తు ఇచ్చి ఊపిరితిత్తిని మొత్తం సెలైనుతో కడుగుతారు. మా పెద్దాయనకు అంత అవసరం పడలేదు. నెలల మీద దగ్గు తగ్గింది, నీడ సగం కరిగింది. మిగతా సగం మచ్చగా ఉండిపోయింది. ఆ సగం సిరప్పు ఖాతాలో వేయాలా, నా ఆలస్యం ఖాతాలో వేయాలా అని ఇప్పటికీ అనుకుంటుంటాను.

ఇప్పుడు ఉదయాన్నే నువ్వులనూనె పుక్కిలించేవాళ్ళ దగ్గరికి వద్దాం. ఆయుర్వేదంలో కవలం, గండూషం అని నోటికి సంబంధించిన పద్ధతులు పూర్వం నుంచీ ఉన్నాయి. కానీ ఆయిల్ పుల్లింగ్ అన్న ఇంగ్లీషు పేరుతో, సర్వరోగనివారిణిగా అది తెలుగునాట ఇంటింటికీ చేరింది 1990లలో, పత్రికల ద్వారా. 1996లో ఆంధ్రజ్యోతి దినపత్రిక పాఠకులను అడిగితే 1041 మంది జవాబు రాశారని, వాళ్ళలో 927 మంది, అంటే 89 శాతం, ఏదో ఒక జబ్బు నయమైందన్నారని ఆ రోజుల్లో గొప్పగా చెప్పుకున్నారు. ఆ అంకె ఇప్పటికీ తిరుగుతోంది. ఒక్క క్షణం ఆలోచించండి. బాగైనవాడు సంబరంగా కార్డు రాస్తాడు. ఏమీ కానివాడు సీసా పక్కన పెట్టి తన పనిలో పడతాడు. దగ్గు పట్టుకున్నవాడు ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్తాడు, ఆ దగ్గుకూ పొద్దుటి పుక్కిలికీ సంబంధం ఉందని వాడికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. 89 శాతం ఎవరిలో 89 శాతం అన్నదే ప్రశ్న.

ఆయిల్ పుల్లింగ్ వల్ల పదేపదే నూనె నెమ్ము వచ్చిన సంగతిని 2014లో దక్షిణ కొరియా వైద్యులు ప్రచురించారు. నువ్వులనూనెతో అదే పని చేసిన ఇద్దరి సంగతిని 2015లో జపాన్ వైద్యులు ప్రచురించారు. పుక్కిలించేవాళ్ళు ఎన్ని లక్షల మందో, జబ్బు పడ్డవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. కాబట్టి ఎవరినీ భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ తల వెనక్కి వంచి గొంతులో గరగరలాడించడం, పుక్కిట నూనెతోనే ఫోనులో మాట్లాడటం, నవ్వడం చేసేవాళ్ళూ, మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళూ, రాత్రి అన్నం గొంతులోకి ఎగదన్నుకొచ్చేవాళ్ళూ ఆగి ఆలోచించాలి. చిన్నపిల్లలతో అసలు చేయించకూడదు. ముక్కులో నూనె మందు వేసే నస్యం సంగతీ అంతే. అది వైద్యుడి ఎదుట, మనిషిని బట్టి, మోతాదును బట్టి చేయాల్సిన చికిత్స. మీటింగుకూ మీటింగుకూ మధ్య ముక్కులో నెయ్యి వేసుకుని కుర్చీ వెనక్కి వాల్చుకునేది నస్యం కాదు.

ఈ ఐటీ కారిడార్‌లో ఇంకో నూనె ఉంది. అద్దాల మేడల్లో పనిచేసేవాళ్ళకు అది కనిపించదు. కరెంటు పోతే మీ కంప్యూటర్ రెప్ప వేయదు, ఎందుకంటే మేడ వెనక డీజిల్ జనరేటర్ ఉంది. కోకాపేట, నార్సింగి వైపు కొత్త టవర్లు లేస్తున్న చోట జేసీబీలున్నాయి, క్రేన్లున్నాయి. డ్రమ్ములోంచి ట్యాంకులోకి డీజిల్ ఎలా మారుస్తారో ఎప్పుడైనా చూశారా? చేతిపంపు ఉండాలి. చాలాచోట్ల ఉండదు. ఒక కుర్రాడు ప్లాస్టిక్ పైపు ఒక కొసను డ్రమ్ములో ముంచి, రెండో కొసను నోట్లో పెట్టుకుని గుంజుతాడు. డీజిల్ పెదవుల దాకా రాగానే పైపు తీసి ట్యాంకులో పెట్టాలి. ఒక లిప్త ఆలస్యమైతే గుక్కెడు గొంతులోకి పోతుంది. అలాంటి కుర్రాణ్ని నేను చూశాను. 'కొంచెమే నోట్లకొచ్చింది సార్, ఉమ్మేసిన' అన్నాడు. ఆ రాత్రికి నూట మూడు జ్వరం, ఛాతీలో పోటు, గుక్క తిరగని ఆయాసం.

పారాఫిన్ నూనె ఏళ్ళ మీద చేసే పనిని డీజిల్, కిరోసిన్ గంటల్లో చేస్తాయి. అవి పల్చన, వేగంగా పాకుతాయి, ఒక్క గుక్క ఊపిరితిత్తిలో ఎంతో మేర పరుచుకుంటుంది. ఊరేగింపుల్లో నోట్లో కిరోసిన్ పోసుకుని నిప్పు ఊదేవాళ్ళకు వచ్చేదీ ఇదే. చంటిపిల్లలు మంచినీళ్ళనుకుని సీసాలోని కిరోసిన్ తాగినప్పుడు జరిగేదీ ఇదే. అక్కడ ఇంట్లోవాళ్ళు చేసే పెద్ద తప్పు ఒకటుంది. ఉప్పునీళ్ళు తాగించి, గొంతులో వేలు పెట్టి కక్కిస్తారు. కడుపులోకి పోయిన కిరోసిన్ చేసే హాని తక్కువ. కక్కేటప్పుడు అది మళ్ళీ గొంతు దాకా వచ్చి, ఊపిరితిత్తిలోకి దిగుతుంది. కక్కించకండి. ఉన్నపళంగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇక ఆ కుర్రాడి విషయం. వాడికి నేను రాసిచ్చిన మందులకన్నా, కాంట్రాక్టరు ఒక చేతిపంపు కొనిచ్చి ఉంటే ఎక్కువ మేలు జరిగేది. ఈ సభలో భవనాల నిర్వహణ చూసేవాళ్ళుంటే, రేపు ఆఫీసుకు వెళ్ళగానే జనరేటర్ గదిలో పంపు ఉందో లేదో చూడమని నా మనవి.

వేపింగ్ గురించి రెండు మాటలు చెప్పి ముగింపుకు వస్తాను. 2019లో అమెరికాలో ఈ-సిగరెట్లు తాగిన కుర్రకారు ఒక్కసారిగా ఊపిరాడక ఆసుపత్రుల్లో చేరారు. 2020 ఫిబ్రవరి నాటికి అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్కలో 2807 కేసులు, 68 మరణాలు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో పిల్లలున్న తల్లిదండ్రులు ఇక్కడ నాకు ఫోన్లు చేసి అడిగారు. ఆ రోగుల ఊపిరితిత్తుల్లో కొవ్వు మింగిన కణాలు కనిపించేసరికి ముందు ఇది లిపాయిడ్ న్యుమోనియా అనుకున్నారు. కణజాలం పరిశీలించిన పెథాలజిస్టులు, ఇది అచ్చంగా అది కాదు, రసాయనం వల్ల కాలిన గాయంలా ఉందన్నారు. ఊపిరితిత్తులు కడిగిన నీళ్ళను పరీక్షిస్తే, 51 మంది రోగుల్లో 48 మందిలో విటమిన్ ఈ ఎసిటేట్ దొరికింది. ఈ-సిగరెట్లలో పోసే గంజాయి ద్రవాన్ని చిక్కబరచడానికి కలిపిన జిడ్డు పదార్థం అది. మాత్రలో మింగితే, ఒంటికి రాసుకుంటే హాని లేదు. అదే వేడెక్కి ఊపిరితో లోపలికి పోతే అంత పని చేసింది. మన దేశం 2019 సెప్టెంబరులోనే ఆర్డినెన్సుతో, తర్వాత చట్టంతో ఈ-సిగరెట్లను నిషేధించింది. నిషేధం వచ్చాక ఒక చిక్కొచ్చింది. తాగే కుర్రాడు డాక్టరుకు చెప్పడు. మంచం కింద సంచిలో ఇప్పుడు అదీ చేరింది.

ఇక ఒక కోరిక. ఇక్కడి ఆఫీసుల్లో కూర్చుని దేశదేశాల ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ రాసే పిల్లలు ఈ సభలో ఉన్నారు. మీరు తయారుచేసే ఫారంలో 'వాడుతున్న మందులు' అని ఒక గడి ఉంటుంది. మా పెద్దాయన ఆ గడిలో బీపీ మాత్ర అని రాసి కిందికి వెళ్ళిపోతాడు. అత్తమ్మ లేవు అని రాస్తుంది. డీజిల్ కుర్రాడికి ఆ ఫారమే రాదు. ఆ గడి పక్కన ఇంకో నాలుగు ప్రశ్నలు పెట్టండి. ముక్కులో ఏమైనా వేసుకుంటారా? పడుకునే ముందు ఏమైనా పోసుకుంటారా? చంటిబిడ్డకు ముక్కులోగానీ నోట్లోగానీ నూనె, నెయ్యి పెడుతున్నారా? పనిలో నోటితో ఏదైనా లాగుతారా, నూనె తుంపర ఏదైనా పీలుస్తారా? మందు అన్న మాట మాత్రం ఆ ప్రశ్నల్లో రానివ్వకండి. ఆ మాట వినపడగానే జనం నూనెను పక్కన పెట్టి జవాబిస్తారు.

ఇళ్ళలో ఉన్నవాళ్ళకు కూడా చెప్పాల్సింది కొంచెమే. పాపకు ఒంటికి నూనె రాయండి, ముక్కులో వేయకండి. ముక్కు దిబ్బడకు సెలైన్ చుక్కలు చాలు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప ఉగ్గు కూడా వద్దు. ఆ గిన్నెను అద్దాల బీరువాలో పెట్టుకోండి, అందంగా ఉంటుంది. ముసలివాళ్ళకు పారాఫిన్ ఉన్న సిరప్పు బదులు వేరేది రాయమని డాక్టరును అడగండి. పడుకుని ఏదీ పోసుకోనివ్వకండి. ముక్కెండిపోతే జెల్లీ బదులు నీటి ఆధారంగా చేసినవి దొరుకుతాయి.

ఈ జబ్బు అరుదైనది అన్నాను. అది నిజంగా ఎంత అరుదో, మనం అడగకపోవడం వల్ల ఎంత అరుదో నాకు తేడా తెలియడం లేదు. మాస్టారైతే ఈ మాటకు నవ్వి ఊరుకునేవారు.

ఆయన సంచి లాగడం గురించి చెప్పాను గానీ, ఆ తర్వాత ఏం చేసేవారో చెప్పలేదు. సీసాలన్నీ చూశాక, ఏది ఎందుకు వాడుతున్నారో ఓపిగ్గా విని, ఏది మానాలో చెప్పి, అన్నీ మళ్ళీ అదే వరసలో సంచిలో సర్దేవారు. ఆ ఆముదం సీసాను విసిరికొట్టడంగానీ, తెచ్చిన ముసలమ్మను నలుగురిలో మందలించడంగానీ నేను ఒక్కనాడూ చూడలేదు. ఎందుకని ఒకసారి అడిగితే, 'తిడితే మనుషులు మానరోయ్, దాస్తారు. ఈసారి సంచి కూడా దొరకదు' అన్నారు. మళ్ళీ మోకాళ్ళు పట్టుకుని వంగి, సంచిని మంచం కిందికి నెట్టి, చేతులు కడుక్కుని, అప్పుడు ఎక్స్‌రే అడిగేవారు.

ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక మీ నాన్నగారి మంచం పక్కన ఏ సీసా ఉందో ఒకసారి చూడండి. ఎందుకు వాడుతున్నారో అడగండి. కోప్పడకండి.